కట్టయు కట్టుబాటును: మగధదేశపు ఆహరులు, పయినులు

గయాక్షేత్రమునకు పితృకార్యార్థమై పోవు యాత్రికులకు ఫల్గు నది యొక వింతగా కనబడుచుండెడిది. సంవత్సరములో అధికభాగము ఆ నదిలో ఇసుక తప్ప మఱేమియు కనబడదు. యాత్రికులు ఇసుకను చేతితో త్రవ్వి, అందు ఊఱిన నీటితో తర్పణములు విడిచెడివారు. 2022లో విష్ణుపాదాలయముకడ రబ్బరు ఆనకట్ట కట్టి నీటిని నిలుపువఱకు తరతరముల తెలుగు యాత్రికులును ఆ ఇసుకనే చూచి వచ్చిరి. సీతాదేవి దశరథునకు పిండప్రదానము చేయగా, దానికి సాక్షియై యుండియు బొంకినందున ఆమె శాపముచే ఆ నది అంతర్వాహిని యయ్యెనని స్థలపురాణము చెప్పును.

పురాణకథ యెట్లున్నను, దక్షిణ బీహారు ప్రకృతి యంతయు ఆ యిసుకలో వ్యక్తమగుచున్నది. అచ్చటి నదులకు నీరు రాకపోలేదు. వచ్చిన నీరు నిలువదు. నిలువని నీటిని నిలుపుటకు ఆ సీమ కర్షకులు కల్పించుకొన్న ఏర్పాటు శతాబ్దములపాటు లక్షలాది జనులకు అన్నము పెట్టినది. అది ఇరువదవ శతాబ్దములో చాలవఱకు చెడినది. చెడినదానిని బాగుచేయు యత్నములు నేడును సాగుచున్నవి. ఈ మూడు దశలను కలిపి చూచినచో, మట్టికట్ట బలము మట్టిలో ఎంత యున్నదో, మనుష్యుల నడుమ నుండు కట్టుబాటులో ఎంత యున్నదో తెలియగలదు.

ప్రాచీనులు మగధమని పిలిచిన ఈ సీమకు ఉత్తరమున గంగయు, దక్షిణమున ఛోటానాగపురపు పీఠభూమియు ఎల్లలు. నేటి గయ, జహానాబాద్, ఔరంగాబాద్, నవాదా, నలందా, పాట్నా జిల్లాలు ఇందులోనివి. ఇచ్చటి భూమి దక్షిణమునుండి ఉత్తరమునకు, కిలోమీటరునకు ఇంచుమించు ఒక మీటరు చొప్పున వాలియున్నది. పున్‌పున్, మోర్‌హర్, దర్ధా, ఫల్గు, సక్రీ మొదలగు నదులు ఈ వాలు వెంట దిగి గంగవైపు పోవును. అవి మంచుకొండలలో పుట్టిన జీవనదులు కావు. పీఠభూమిపై వాన కురిసినపుడు గట్లు ఒరసికొని పాఱి, కొలది దినములలోనే తగ్గి, వానకాలము వెళ్లిన పిదప ఇసుకతిన్నెలై మిగులును. ఏటి వానలో అత్యధికభాగము జూన్ నెలకును అక్టోబరు నెలకును నడుమనే కురియును. ప్రజలు ముఖ్యముగా పండించునది వరి. వరికి నిలిచిన నీరు కావలెను; ఆ నేల వాలు నీటిని నిలువనీయదు. ఈ రెంటికిని సంధి చేయుటయే మగధ కర్షకుని నిత్యకృత్యము.

ఆ సంధికి సాధనములు రెండు. ఒకటి ఆహరు, రెండవది పయిను. ఆహరును చెఱువువలె లోతుగా త్రవ్వరు. వాలుగా నున్న నేలపై మూడువైపుల మట్టికట్ట వేసి, మెఱకగా నున్న నాలుగవ వైపును తెఱచి విడుతురు. పైనుండి వచ్చు నీరు ఆ మూడు కట్టల నడుమ పల్చగా పఱచుకొని నిలుచును. లోతు తక్కువ, వైశాల్యము ఎక్కువ. కొన్ని ఆహరుల కట్టలు కిలోమీటరునకు మించిన పొడవు గలవి; పెక్కులు ఒక్క గ్రామపు పొలములకు సరిపోవు చిన్నవి. వరి పండుసరికి ఆహరులోని నీరు వాడుకయై పోవును. మిగిలినదానిని వదలివేసి, ఆ తడినేలలోనే గోధుమయు సెనగయు విత్తుదురు. కావున ఆహరు సగమేడు జలాశయము, సగమేడు పొలము. నీటితో వచ్చి దిగిన ఒండ్రు ఆ రబీ పైరునకు ఎరువగును.

పయిను నదినుండి తీసిన కాలువ. నదిలో నీరున్న కొలది దినములలోనే దానిని పట్టి పొలములవైపు మరల్చుట దీని పని. భూమి వాలు అధికముగా నున్నందున, నదికంటె తక్కువ వాలుతో త్రవ్విన కాలువ కొంతదూరము పోవుసరికి చుట్టుపట్ల పొలములకంటె ఎత్తున పాఱును. అచ్చటినుండి నీటిని దింపుటకు ఏతముతో గాని యంత్రముతో గాని పనిలేదు. కొన్ని పయినులు 20, 30 కిలోమీటర్ల పొడవు గలవి. పది శాఖలు గల పెద్దవానిని దసాయిన్ పయినులందురు. అట్టిది నూఱు గ్రామముల వఱకు తడుపగలదు. పయిను ఆహరులను నింపును. పై ఆహరు నిండి పొరలిన నీరు దిగువ ఆహరును చేరును. గొలుసుకట్టు చెఱువులను ఎఱిగిన తెలుగు చదువరికి ఈ పద్ధతి తత్త్వము వెంటనే బోధపడగలదు. ఇందు మఱియొక ప్రయోజనము గలదు. వరదకాలమున నది తెచ్చు నీటిని అనేక పయినులు పంచుకొనుటచే దిగువ గ్రామములపై వరద తాకిడి తగ్గును. ఒకే కట్టడము అనావృష్టికిని అతివృష్టికిని మందైనది.

ఈ వ్యవస్థకు పరీక్షాకాలము హథియా. అది తెలుగువారి హస్త కార్తెయే. సెప్టెంబరు చివరను, అక్టోబరు మొదటను వచ్చును. గయ ప్రాంతమున నిగార్ అను నొక వ్యవసాయాచారము గలదు. సెప్టెంబరు నడుమ వరిమళ్లలోని పాతనీటిని తీసివేసి, ఇంచుమించు పదునైదు దినములు నేలను ఆఱనిత్తురు. పిదప హథియాలో మరల నీరు పెట్టుదురు. ఆ సమయమున వాన కురిసినచో సరి. కురియనిచో ఆహరులో నీరుండవలెను. రెండును లేనియెడల అంతవఱకు పచ్చగా నున్న పైరు తాలుగా మాఱును. జూలై, ఆగస్టు నెలలలో నిండిన ఆహరు ఆ పదునైదు దినముల కొఱకు దాచుకొన్న గాదె వంటిది. మగధలో సంవత్సరమంతయు వాన లేకపోయిననే కఱవు రావలెనని లేదు. హస్తలో నీరు లేకపోయినను చాలును.

నీటిని, పొలమును కట్టలచే తీర్చు విద్య ఈ సీమలో మిక్కిలి ప్రాచీనమైనది. వినయపిటకములోని మహావగ్గమున ఒక వృత్తాంతము గలదు. బుద్ధుడు రాజగృహమునుండి దక్షిణాగిరికి పోవుచు త్రోవలో మగధ పొలములను చూచెను. అవి గట్లతోను, అడ్డుగట్లతోను, గట్లు కలియు కూడలులతోను వరుసలుగా తీర్చియున్నవి. భిక్షువుల చీవరమును ఆ మాదిరిని కుట్టవచ్చునా యని ఆయన ఆనందుని అడిగెను. ఆనందుడు అట్లే గుడ్డముక్కలు కూర్చి కుట్టించెను. సింహళమున, బర్మాలో, శ్యామదేశమున నేడును భిక్షువులు ధరించు చీవరములోని కుట్లు మగధ రైతు వేసిన గట్ల పోలికలే. ఒక దేశపు వ్యవసాయము ఒక మతపు వస్త్రమునకు ఆకృతి నిచ్చుట చరిత్రలో అరుదైన విషయము.

కౌటిల్యుని అర్థశాస్త్రము ఈ గట్ల వెనుక నుండవలసిన న్యాయమును విధించుచున్నది. క్రొత్తగా తటాకమును గాని కట్టను గాని కట్టినవారికి 5 ఏండ్లు, శిథిలమైనదానిని బాగుచేసినవారికి 4 ఏండ్లు, చెట్లు మొలచి పూడినదానిని శుభ్రపఱచినవారికి 3 ఏండ్లు పన్ను మినహాయింపు గలదు. ఆపద లేకయే 5 ఏండ్లు వాడక విడిచిన కట్టపై యజమానికి స్వామ్యము పోవును. తూములోనుండి కాక వేఱొకచోట నీరు వదలినవానికి 6 పణముల దండనము. పాటలీపుత్రమున కొంతకాలము వసించిన గ్రీకు రాయబారి మెగస్తనీసు కూడ, అందఱికిని నీరు సమముగా అందునట్లు తూములను పరీక్షించు అధికారులుండిరని వ్రాసెను. కట్టుట ఒక పుణ్యము. కట్టినదానిని కాపాడుట అంతకంటె గొప్ప బాధ్యత. పంచుట అన్నిటికంటె కష్టమైన ధర్మము. ఈ మూడింటిని వేఱువేఱుగా గుర్తించుటయే ప్రాచీనుల వివేకము.

పంపకము చెడినచో ఏమగునో బౌద్ధవాఙ్మయమే చెప్పుచున్నది. శాక్యులకును కోలియులకును నడుమ రోహిణీ నది యుండెను. ఇరువురును దాని నీటిని ఒకే కట్టచే మళ్లించుకొనుచుండిరి. ఒక వేసవిలో నీరు తఱిగినపుడు మాట మాట పెరిగి, కూలివాండ్ర తగవు రాజుల యుద్ధమునకు దారితీసినది. నీటి విలువ ఎక్కువయా, క్షత్రియుల నెత్తురు విలువ ఎక్కువయా యని బుద్ధుడు వారిని ప్రశ్నించి యుద్ధమును మాన్పెనని కుణాల జాతకపు కథ. అట్టి తగవులు రాకుండుటకు మగధ గ్రామములు చేసికొన్న ఏర్పాటునకు పారబందీ అని పేరు. పయినుపై నున్న గ్రామములకు వంతులు నిర్ణయింపబడియుండును. ఏ గ్రామము ఎన్ని దినములు, ఏ శాఖకు ఎన్ని జాములు నీరు తీసికొనవలెనో ఆ వంతులు చెప్పును. ఎగువ గ్రామపు రైతు తన పొలము ఎండుచున్నను వంతు ముగిసిన వెంటనే గండి పూడ్చవలెను. దిగువవాడు పూడిక తీయుటకు రానిచో ఎగువవానికి పని సాగదు. ఎగువవాడు నీరు విడువనిచో దిగువవానికి పంట లేదు. ఒకరి అవసరము మఱియొకరి చేతిలో నుండుటయే ఈ కట్టుబాటునకు బలము.

పూడిక తీయుటకు గల కట్టుబాటు గోఆము. వానకాలమునకు ముందు, మరల కట్టలు తెగినపుడును, పిలుపు రాగానే ఆయకట్టు గ్రామముల ఇండ్లనుండి మనుష్యులు పలుగు పాఱలతో రావలెను. పెద్ద పనులు, అనగా పెద్ద కట్టల మరమ్మతులు, క్రొత్త పయినులు త్రవ్వించుట జమీందారుల బాధ్యత. దానికి గిలందాజీ అని పేరు. పారసీక భాషలో ఆ మాటకు మట్టి వేయుట అని అర్థము.

జమీందారు ఈ భారమును ధర్మబుద్ధిచే మాత్రమే మోయలేదు. దక్షిణ బీహారులో శిస్తు చాలవఱకు పంటరూపమున వసూలగుచుండెను. దీనిని భావలీ అందురు. కళ్లములో రాశిని పంచుకొనుట బటాయి. నిలిచిన పైరును చూచి దిగుబడిని అంచనా కట్టుట దానాబందీ. పంట పండినచో జమీందారునకు భాగము వచ్చును; ఎండినచో రైతుతో పాటు ఆయనయు నష్టపోవును. కావున ఆహరు కట్ట తెగినపుడు జమీందారు గాదె కూడ తెగినట్లే. ఆయన స్వార్థమే కట్టలకు కాపలా కాచినది.

ఈ చిత్రమునకు రెండవ ప్రక్క గలదు. దానిని విడిచి పూర్వపు వ్యవస్థను సత్యయుగముగా వర్ణించుట చరిత్రకు అన్యాయము. దానాబందీలో పైరును అంచనా కట్టువారు జమీందారు మనుష్యులు. వారు ఎక్కువగా వ్రాసినదానిని రైతు ఎదిరింపలేకపోయెడివాడు. రైతు క్రింద మఱియొక వర్గముండెను. కట్టలకు మట్టి మోసినవారిలోను పయినులు త్రవ్వినవారిలోను పెక్కురు భుయియా కులమునకు చెందిన నిరుపేద కూలీలు. వారిలో అనేకులు కమియాలు. పెండ్లికో కఱవు దినములలో తిండికో తీసికొన్న చిన్న అప్పునకు బదులుగా యజమానికి కట్టుబడి, తాము తీర్చలేని ఋణమును కొడుకులకు విడిచి పోయినవారు. 1920లో బీహారు ఒరిస్సా ప్రభుత్వము కమియౌతీ ఒప్పందములపై ఒక చట్టము చేసినను ఆ బంధము వెంటనే తెగలేదు. ఎవరి చేతులు ఆహరును కట్టినవో వారికి ఆహరు క్రింద సెంటు భూమి లేదు. పంపకపు వంతులలో వారి పేరు లేదు. మగధ కట్టుబాటులో పరస్పరత యుండెను గాని సమానత్వము లేదు.

ఈ లోపముతోనే ఆ వ్యవస్థ చిరకాలము పనిచేసినది. 1811–12లో ఫ్రాన్సిస్ బుకానన్ పాట్నా, గయ జిల్లాలను సర్వే చేసి, అచ్చటి వ్యవసాయమును సవిస్తరముగా వర్ణించెను. 1870 తరువాతి దశాబ్దమున డెహరీకడ శోణానదిపై ఆనకట్ట వేసి ప్రభుత్వము పెద్ద కాలువలు త్రవ్వించినది. ఐనను ఆ కాలువలు ముఖ్యముగా శోణకు ఇరుప్రక్కలనున్న భూములకే ఉపకరించినవి. గయ జిల్లాలో అధికభాగము ఆహరులను, పయినులనే నమ్ముకొని యుండెను. 1896–97లో దేశమున పెక్కు ప్రాంతములు ఘోరమైన కఱవునకు లోనైనపుడు గయ ఆ బాధనుండి చాలవఱకు తప్పించుకొన్నది. 1906లో ఓమాలీ వ్రాసిన గయ జిల్లా గెజిటీరు ఈ జలవ్యవస్థను ప్రత్యేకముగా వర్ణించినది. గ్రామస్థులు తమ చేతులతో కట్టుకొన్న మట్టిపనులు ఆ జిల్లాకు కఱవు కవచమై నిలిచినవి.

ఆ కవచము మొదట చీలినది కట్టలలో కాదు, శిస్తులో. అప్పటికి బీహారు బెంగాలులో అంతర్భాగము. 1885 నాటి బెంగాల్ కౌలుదారీ చట్టము పంటరూపపు శిస్తును నగదు శిస్తుగా మార్పించుకొనుటకు రైతునకు వీలు కలిగించినది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ధాన్యపు ధరలు పెరిగినపుడు నగదు శిస్తు రైతునకు లాభకరముగా కనబడినది. దానాబందీ బాధలు తప్పుననియు వారు ఆశించిరి. ఆ ఆశలో దోషము లేదు. కాని శిస్తు నగదైన దినమునుండి జమీందారునకు పంటతో సంబంధము తెగినది. పైరు పండినను ఎండినను ఆయనకు రావలసిన రూపాయలు రావలసినవే. అట్టివాడు గిలందాజీకి ఎందుకు ధనము వెచ్చించును? కట్టలు మరమ్మతు లేక క్రుంగినవి. పయినులలో ఇసుక మేటలు వేసినది. 1930 తరువాత ధరలు పడిపోయినపుడు నగదు శిస్తే రైతునకు ఉరియైనది. నీరును తఱిగినది, ధరయు తఱిగినది, శిస్తు మాత్రము తఱుగలేదు. 1929లో స్వామి సహజానంద సరస్వతి స్థాపించిన బీహారు రాష్ట్ర కిసాన్ సభకు గయ జిల్లా ఒక ముఖ్యస్థానమగుటకు ఈ పరిస్థితి కారణము.

ప్రభుత్వము ఈ క్షీణతను చూడకపోలేదు. 1911–18 నడుమ జరిగిన సర్వే సెటిల్మెంటులో ఏ పొలమునకు ఏ ఆహరునుండి, ఏ పయినునుండి నీరు రావలెనో ఆ హక్కులను ఫర్ద్ ఆబ్‌పాషీ అను పత్రములలో నమోదు చేసిరి. 1922లో ప్రైవేటు నీటిపారుదల పనుల చట్టము వచ్చి, జమీందారు మరమ్మతు చేయనిచో ఆ పనిని చేయించుటకు కలెక్టరునకు అధికారము నిచ్చినది. కాని కాగితముపైకి ఎక్కిన ఆచారము కాగితముపైననే నిలిచిపోవు ప్రమాదముండును. వంతు తప్పినవానిని అంతకుముందు గ్రామపు పెద్దలు పయిను గట్టుననే నిలదీసెడివారు. ఇప్పుడు వాడు కచేరీకి పోయి వకీలును పెట్టుకొనవచ్చును. వ్యాజ్యము తేలుసరికి హథియా పోవును.

1949లో గయ జిల్లా వరదలను విచారించిన సలహాసంఘము ఒక విశేషమును గుర్తించినది. తఱచుగా వచ్చు వరదలకు మూలకారణము జిల్లాలోని ప్రాచీన నీటిపారుదల వ్యవస్థ నశించుటయే యని ఆ సంఘము అభిప్రాయపడినది. ఆహరులను మఱచినందుకు ఫలము ఎండ మాత్రమే కాదని, వెల్లువ కూడ నని దీనివలన స్పష్టమైనది. మఱుసటి సంవత్సరము, 1950లో, బీహారు భూసంస్కరణల చట్టము జమీందారీని రద్దు చేసినది. అది చేయవలసిన పని. దానిని గుఱించి శంకకు తావు లేదు. కాని జమీందారు హక్కులతో పాటు ఆహరులు, పయినులు ప్రభుత్వపరమైనవి. గిలందాజీ భారమును ఇకమీద ఎవరు మోయవలెనను ప్రశ్నకు గట్టి సమాధానము దొరకలేదు. రాజు పోయెను, రాజు చేసిన పనిని చేయువారు రాలేదు. సర్కారువారి కట్టకు సర్కారే మట్టి వేయునని గోఆమునకు వచ్చుట జనులు మానుకొనిరి. కట్టలు తెగుటకు చాల ముందే కట్టుబాటు తెగినది.

ఆ కాలముననే భూమి లేనివారి ప్రశ్నయు మగధలో ముందునకు వచ్చినది. 1951 ఏప్రిల్ 18న తెలంగాణములోని పోచంపల్లిలో పుట్టిన భూదానోద్యమము మఱుసటి సంవత్సరమే వినోబా పాదయాత్రతో బీహారు చేరినది. లక్షలాది ఎకరములు దానముగా వచ్చినవి. 1954లో బోధగయలో జరిగిన సర్వోదయ సమ్మేళనమున జయప్రకాశ్ నారాయణ్ తన జీవితమునే ఆ కార్యమునకు అర్పించి, నాటి గయ జిల్లాలోని సోఖోదేవరాలో ఆశ్రమము స్థాపించెను. ఐతే దానముగా వచ్చిన భూములలో చాలభాగము రాతినేలలు, బీళ్లు. భూమిని ఇచ్చుట ఒక దినపు పని. దానికి నీరు తెచ్చుట అనేక సంవత్సరముల పని. ఆ నీరు తేవలసిన పయినులే అప్పటికి పూడుచుండెను.

ఇట్టి స్థితిలో 1966వ సంవత్సరము వచ్చినది. ఆ యేడు హథియా వానలు తప్పినవి. ఎప్పుడో ఒకప్పుడు హస్త తప్పుట మగధకు క్రొత్త కాదు. హస్త తప్పినపుడు తెఱచుటకు నిండిన ఆహరులు లేకపోవుట క్రొత్త. వరి తాలైపోయినది, రబీ విత్తుటకు తడి లేకపోయినది, బావులు ఎండినవి. 1967 ఏప్రిలులో ప్రభుత్వము బీహారులో కఱవును అధికారికముగా ప్రకటించినది. కఱవు ప్రాంతములలో గయ యొకటి. జయప్రకాశ్ నారాయణ్ నాయకత్వమున ఏర్పడిన బీహారు సహాయసంఘము ఉచిత భోజనశాలలు నడిపినది, బావులు త్రవ్వించినది. డెబ్బది సంవత్సరములకు పూర్వము, దేశము ఆకలితో అలమటించినపుడు తట్టుకొని నిలిచిన జిల్లాయే ఇప్పుడు ఇతరుల అన్నమునకు చేయి చాచవలసివచ్చినది. ఈ నడుమ కాలమున జనసంఖ్య పెరిగినమాట నిజమే. ఐనను మగధ పోగొట్టుకొన్నదేమో ఆ యొక్క హస్త కార్తె బయటపెట్టినది.

కఱవు తరువాత బావులు, గొట్టపు బావులు, డీజిలు పంపులు పెరిగినవి. వానివలన మేలు కలుగలేదనుట పొరబాటు. ఎవరి వంతు కొఱకును కనిపెట్టుకొని యుండక, తన పొలమునకు తానే నీరు పెట్టుకొను స్వాతంత్ర్యము రైతునకు లభించినది. కాని పంపు పైకి తోడుటయే ఎఱుగును. నేలలోనికి నీటిని దింపునది ఆహరు. పల్చగా పఱచుకొని నెలల తరబడి నిలిచిన నీరే చుట్టుపట్ల బావులకు ఊటయై చేరుచుండెను. ఆహరులు పూడినకొలది బావులు లోతైనవి. లోతైనకొలది పంపు పెట్టుకొనలేని పేదవాని పొలము ఎండినది. ఎండిన ఆహరు గర్భములు క్రమముగా ఆక్రమణలకు లోనైనవి. కొన్నిట పొలములు, కొన్నిట ఇండ్లు, కొన్నిట ప్రభుత్వ భవనములే వెలసినవి. నీటి త్రోవకు అడ్డముగా రోడ్డుకట్టలు లేచినవి.

న్యాయముకొఱకైన పోరాటము మాత్రము ఆగలేదు. 1978లో బోధగయా మఠపు విశాలమైన భూములపై భూమిలేని కూలీలు, ముఖ్యముగా భుయియా స్త్రీపురుషులు, ఉద్యమము నారంభించిరి. జయప్రకాశ్ ప్రేరణచే ఏర్పడిన ఛాత్ర యువ సంఘర్ష వాహిని యువకులు వారికి తోడు నిలిచిరి. తరువాతి దశాబ్దమున అనేక కుటుంబములకు భూమి వచ్చినది. పట్టాలు స్త్రీల పేరనే ఇయ్యవలెనని అచ్చటి స్త్రీలు పట్టుపట్టి సాధించిరి. జలవ్యవస్థ చరిత్రలో దీనికి గల ప్రాముఖ్యము చిన్నది కాదు. పూర్వము కట్టకు మట్టి మోసి పంటకు దూరముగా నిలిచినవారు ఇప్పుడు కొందఱైనను కట్ట క్రింద హక్కుదార్లయిరి. సమానుల కట్టుబాటునకు ఇది యొక పునాది.

ఇరువదియొకటవ శతాబ్దపు తొలి దశాబ్దమున గయలో మగధ జల జమాత్ అను సంఘము ఏర్పడి, పట్టణపు చెఱువులను, గ్రామముల పయినులను శ్రమదానముతో బాగుచేయుటకు పూనుకొన్నది. జమునే దసాయిన్ పయిను పూడిక తీయుట అట్టి పనులలో నొకటి. 2020లో దేశమంతటి పత్రికలును ఒక వృద్ధుని గుఱించి వ్రాసినవి. ఆయన గయ జిల్లా కోఠిల్వా గ్రామస్థుడు లౌంగీ భుయియా. పశువులను మేపుకొనుచు, ముప్పది సంవత్సరములపాటు ఒంటరిగా త్రవ్వి, కొండలనుండి జాఱిపోవు వాననీటిని గ్రామపు చెఱువునకు చేర్చు సుమారు 3 కిలోమీటర్ల కాలువను ఆయన తీసెను. పూర్వము ఆ కులమువారు ఇతరుల పొలములకు పయినులు త్రవ్విరి. ఈయన తన ఊరికై త్రవ్వెను. ఆ దీక్ష కొనియాడదగినది. ఐనను వందలమంది కలిసి కొలది దినములలో చేయదగిన పని యొక మనుష్యునికి ముప్పది ఏండ్లు పట్టుట, పలుగు పట్టిన చేయి బలమును చూపినంతగానే గోఆము లేని గ్రామపు దైన్యమును కూడ చూపుచున్నది.

2019లో బీహారు ప్రభుత్వము జల్ జీవన్ హరియాలీ అను కార్యక్రమమును ఆరంభించి, చెఱువులు, బావులతో పాటు ఆహరులను, పయినులను గుర్తించి, ఆక్రమణలు తొలగించి, పూడిక తీయు పనిని చేపట్టినది. 2022లో వానలు తగ్గినపుడు గయ, జహానాబాద్, ఔరంగాబాద్, నవాదాలతో కూడిన 11 జిల్లాలను అనావృష్టి పీడితములుగా ప్రకటింపవలసివచ్చినది. ఆ సంవత్సరమే గంగనీటిని గొట్టములద్వారా రాజగృహమునకు, గయకు, బోధగయకు త్రాగుటకై తెచ్చిరి. నగరములకు ఆ నీరు అవసరమే. పొలములకు మాత్రము అంతదూరపు గంగ చాలదు. వాటికి తమపై కురిసిన వానయే దిక్కు.

యంత్రములతో ఒక వేసవిలో పయిను పూడికను తీయవచ్చును. మఱుసటి వరదతో మోర్‌హర్, ఫల్గు నదులు మరల ఇసుకను తెచ్చును. ఆ ఇసుకను ఏటేట ఎవరు తీయుదురు, తెగిన కట్టకు రాత్రికి రాత్రి ఎవరు మట్టి వేయుదురు, హస్తలో మొదటి వంతు ఎవరిది అను ప్రశ్నలకు గుత్తేదారు ఒప్పందములో సమాధానముండదు. పూర్వము ఆ సమాధానమును జమీందారు లాభమును, కమియా నిర్బంధమును, గ్రామముల పరస్పర భయమును కలిసి ఇచ్చినవి. ఆ మూడింటిలో మొదటి రెండు తిరిగి రాకూడదు. మూడవదాని స్థానమున పరస్పర విశ్వాసము రావలెను. ఆయకట్టులోని ప్రతి కుటుంబమునకు, భూమి గలవారికిని లేనివారికిని, స్త్రీలకును పురుషులకును, నీటిపై మాటయు మట్టిపనిలో పాలును ఉన్నపుడే అది సాధ్యము.

బుద్ధుడు చూచి మెచ్చిన పొలములలో ప్రతి గట్టును రెండు మళ్లకు ఎల్ల. ఆ రెంటిని కలుపునదియు అదే. దానిని ఒకవైపు రైతు త్రవ్వివేసినచో రెండువైపులను నీరు పోవును. మగధ చరిత్ర నేర్పు పాఠము ఇంతకంటె పెద్దది కాదు. హస్త కార్తె ఏటేట వచ్చుచునే యుండును. వానతో వచ్చునో వట్టిగా వచ్చునో ఎవరి చేతిలోను లేదు. అది వచ్చునాటికి ఆహరు నిండియుండుట మాత్రము ఊరి చేతిలోని పని.